రోజుకో విడ్డూరం: నల్లబల్ల చదివేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి బజారులో మా జిరాక్సు దుకాణం గోడకు నాలుగడుగుల నల్లబల్ల ఒకటి వేలాడుతూ ఉంటుంది. ప్రతి ఉదయం షట్టరు ఎత్తగానే, ఇంటర్నెట్టులో నా కంటబడిన ఒక విడ్డూరాన్ని దాని మీద సుద్దముక్కతో తెలుగులో రాస్తాను. దాని కింద, పక్క దుకాణం నడిపే ఒడియా మిత్రుడు అదే సంగతిని తన భాషలో ఒక వరుసగా రాస్తాడు. చదివినవారు ఫోటో తీసి పాతపట్నంలోనూ, గుణుపురంలోనూ, బరంపురంలోనూ ఉన్న తమవాళ్లకు పంపుకుంటారు. వాళ్లు తిరిగి పంపే ప్రశ్నలలో మళ్లీ మళ్లీ వచ్చేవాటికి ఇక్కడ సమాధానాలు రాసి పెడుతున్నాను.

విడ్డూరం అని దేనిని అంటారు? ఏ సంగతి బల్ల ఎక్కుతుంది?

చదివినవాడు వెంటనే జేబులోనో, గోడ మీదనో, ఆకాశంలోనో దానిని సరిచూసుకోవాలని ఉవ్విళ్లూరేటట్లు ఉండాలి. ఒక ఉదాహరణ చెబుతాను. 2018లో వచ్చిన చాక్లెట్ రంగు పది రూపాయల నోటు వెనుక మన కోణార్క ఆలయం ఉంది. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. అదే వైపున పదిహేను భాషలలో నోటు విలువ రాసిన నిలువు పట్టీ ఒకటి ఉందని, అందులో ఒడియా పదవ వరుసలోను, తెలుగు పధ్నాలుగవ వరుసలోను వస్తాయని రాసిన రోజున, టీ తాగడానికి వచ్చినవారందరూ నోట్లు తిరగేసి వేళ్లతో లెక్కపెట్టారు. ఈ వరుసకు కారణం జనాభా కాదు, ప్రాచీనత్వమూ కాదు. భాషల పేర్లను ఇంగ్లీషు అక్షర క్రమంలో పేర్చారు, అంతే. అందుకే అస్సామీ ముందు, ఉర్దూ చివర.

ఇంకొకటి అక్షరానికి సంబంధించినది. 2018 ఫిబ్రవరిలో ఐఫోనుకు ఒక తెలుగు అక్షరం వస్తే చాలు, దానిని చూపబోయిన యాప్ కుప్పకూలేది. ఆ అక్షరం ‘జ్ఞా’. అయితే మనం మామూలుగా ‘జ్ఞానం’ అని రాసేటప్పుడు వచ్చే రూపం కాదది. అక్షర భాగాల నడుమ, అతుక్కోకుండా ఆపే, కంటికి కనబడని ఒక గుర్తు ఇమిడిన రూపం. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దానిని సరిచేసింది. ‘తెలుగు అక్షరం ఫోన్లను చంపింది’ అని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ కనబడని గుర్తు సంగతి వదిలేస్తే ఆ వాక్యం అబద్ధానికి అరడుగు దూరంలో నిలుస్తుంది. ఈ బల్ల మీద నేను పడే శ్రమలో ముప్పాతిక భాగం ఆ అరడుగు గురించే.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

ఫార్వర్డులలో దొరకవు. అవి తిరిగి తిరిగి అరిగిపోయిన నాణేలు. మన పక్కన ఉన్న పేరునే పట్టుకొని వెతికితే ఎక్కువ దొరుకుతుంది. వికీపీడియాలో ఒకే విషయం మీద తెలుగు, ఒడియా, ఇంగ్లీషు వ్యాసాలను పక్కపక్కన తెరిచి చదవడం నా అలవాటు. ఒకదానిలో లేనిది ఇంకొకదానిలో ఉంటుంది. ఒడియా వికీపీడియా 2002లోనే మొదలైంది, తెలుగుది 2003లో వచ్చింది. ఈ మాట బల్ల మీద రాసిన రోజున మా మిత్రుడు తన వరుసను మామూలు కంటే రెండింతలు పెద్ద అక్షరాలతో రాశాడు.

అలా వెతుకుతుండగా దొరికినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మన కొండలలోని సవర గిరిజనుల లిపి. గుణుపురం ప్రాంతానికి చెందిన మంగేయి గొమాంగో 1936లో తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించాడు. అదే ఏడు ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, మద్రాసు ఏలుబడిలోని మన పర్లాకిమిడి ఇటు వచ్చి చేరింది. పటం మీద గీత మారిన ఏడాదే కొండ మీద ఒక భాషకు అక్షరాలు పుట్టాయి. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది కనుక ఇప్పుడు దానిని ఫోనులో కూడా రాయవచ్చు. అంతకు ముందే, ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉండి సవరలతో కలిసిమెలిసి వారి భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులు, 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొనేవారిలో చాలామందికి సవర సంగతి తెలియదు. అది తెలిసిన మన ప్రాంతం వారు దానిని వింతగా భావించరు. వింత అనేది చూసేవాడి దూరాన్ని బట్టి కూడా ఉంటుంది మరి.

దొరికినది నిజమో కాదో ఎలా తేల్చుకుంటారు?

ఒడియా మిత్రులు బల్ల ముందు నిలబడి ‘సొతొ కి?’ అని అడుగుతారు. నిజమేనా అని. తెలుగువారు ‘ఎవరు చెప్పారు?’ అని అడుగుతారు. నాకు రెండో ప్రశ్నే ఎక్కువ పనికి వచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అనే మూడింటిని వెతుక్కుంటూ వెనక్కి వెళితే, సంగతి ఎక్కడ రంగు మారిందో దొరికిపోతుంది.

‘హీలియంను గుంటూరులో కనుగొన్నారు’ అనే వాక్యాన్ని తీసుకోండి. నేను దీనిని బల్ల మీద రాయడానికి నాలుగు రోజులు పట్టింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో, వెలుగును రంగుల గీతలుగా విడదీసి చూపే వర్ణపట దర్శినితో సూర్యుని చూశాడు. ఇంతవరకు నిజం. అయితే ఆ రోజు ఆయనకు కలిగిన గొప్ప స్ఫురణ వేరు: సూర్యుని అంచున లేచే జ్వాలల గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని ఆయనకు తోచింది, మరునాడు చూశాడు కూడా. తరువాత హీలియందని తేలిన పసుపుపచ్చ గీత ఆ గ్రహణంలో ఒక్క జాన్సెన్‌కే కనబడలేదు; మచిలీపట్నం నుంచి చూసిన మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ కూడా దానిని గుర్తించాడు. ఆ గీతను సోడియం గీతగానే చాలామంది తలచారు. అది సోడియంది కాదని, భూమి మీద ఎరుగని మూలకానిదని వాదించినవాడు అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో, గ్రహణంతో పని లేకుండా, ఆ గీతను కొలిచిన లాకియర్. సూర్యునికి గ్రీకు పేరైన హీలియోస్ మీదుగా ఆ మూలకానికి పేరు వచ్చింది. దానిని భూమి మీద ఒక యురేనియం ఖనిజం నుంచి రామ్సే వేరుచేసి చూపేసరికి 1895 వచ్చింది.

ఇప్పుడు ‘గుంటూరులో కనుగొన్నారు’ అనడం తప్పా? తప్పనలేను, ఒప్పనీ అనలేను. చివరికి బల్ల మీద ఇలా రాశాను: ‘హీలియం కథ 1868లో గుంటూరు, మచిలీపట్నం ఆకాశంలో మొదలై, ఇంగ్లండులో పేరు పెట్టించుకొని, 1895లో భూమి మీదికి దిగింది.’ గుంటూరు నుంచి పర్లాకిమిడికి కోడలుగా వచ్చిన ఒక అమ్మగారు, మా ఊరి గొప్ప తగ్గించారని నవ్వుతూనే నిష్ఠూరమాడారు. తగ్గలేదండీ, పక్కన మచిలీపట్నం చేరిందంతే.

ఫోటోలను ఎలా నమ్మాలి?

ప్రతి దీపావళికీ ఒక చిత్రం వస్తుంది: నల్లని రాత్రిలో భారతదేశం పటమంతా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు చుక్కలతో మెరిసిపోతూ, ‘దీపావళి రాత్రి నాసా తీసిన ఫోటో’ అని కింద రాసి ఉంటుంది. చిత్రం దొంగది కాదు, దాని కింద మాటే దొంగది. అమెరికా రక్షణ శాఖ వాతావరణ ఉపగ్రహాలు ఏళ్ల తరబడి సేకరించిన రాత్రి వెలుగులను ఒక్క పటంలో కలిపి, ఎప్పుడు వెలిగిన ప్రాంతానికి ఏ రంగో కేటాయించి, ఆ దేశపు సముద్ర వాతావరణ సంస్థ శాస్త్రజ్ఞులు దానిని తయారుచేశారు. తెలుపు ముందునుంచీ వెలుగున్న చోటు. 1992లో కనబడినవి నీలం, 1998లోవి ఆకుపచ్చ, 2003లోవి ఎరుపు. అంటే అది ఒక రాత్రి పండుగ కాదు, పదకొండేళ్లలో ఊరూరికీ కరెంటు పాకిన కథ. నన్నడిగితే పండుగ ఫోటో కంటే అదే పెద్ద విడ్డూరం. నాసా 2012లో దీనికి వివరణ ఇస్తూ, దీపావళి నాటి అదనపు వెలుగు అంతరిక్షం నుంచి గుర్తుపట్టలేనంత స్వల్పమని కూడా చెప్పింది.

ఇటువంటివాటిని పట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఫోటో మీద వేలు నొక్కిపట్టి గూగుల్ లెన్స్‌లోనో, టిన్ఐ అనే సైటులోనో వెతికితే, అదే చిత్రం అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో తెలుస్తుంది. అన్నిటికంటే పాతదానిని తెరవండి. ‘నిన్న జరిగిన’ సంఘటన ఫోటో పదేళ్ల కిందటి పేజీలో కనబడితే ఇక వేరే సాక్ష్యం ఎందుకు?

మీరు ఎప్పుడైనా తప్పు రాశారా?

రాశాను, అదీ కొట్టొచ్చినట్లు కనబడే తప్పు. 2025 ఆగస్టు 1న ‘ఈ నెలలో ఐదు శుక్రవారాలు, ఐదు శనివారాలు, ఐదు ఆదివారాలు వచ్చాయి; ఇది 823 ఏళ్లకు ఒకసారి మాత్రమే జరుగుతుంది’ అని పెద్ద అక్షరాలతో రాశాను. వారాలు లెక్కపెట్టాను, సరిపోయాయి. 823ను మాత్రం లెక్కపెట్టలేదు. మూడవ నాడు హైస్కూలు పిల్ల ఒకతె, వెనుక వైపు లెక్కలు చేసుకోవడానికి దాచుకున్న పాత క్యాలెండరు కాగితం తెచ్చి కౌంటరు మీద పరిచింది. 2024 మార్చి. శుక్ర, శని, ఆదివారాలు ఐదేసి. కాగితం అంచున ఆమె పెన్సిలుతో రాసుకున్న లెక్క ఇంకా నా కళ్లలో ఉంది: 31 = 4 × 7 + 3. నెలకు ముప్పై ఒక రోజులుంటే మొదటి మూడు వారాలు ఐదేసిసార్లు రాక తప్పదు. ఒకటవ తేదీ శుక్రవారమైతే ఆ మూడూ శుక్ర, శని, ఆదివారాలే. 2026లో మే నెల కూడా అంతే. పైగా మన ఇంగ్లీషు క్యాలెండరు నాలుగు వందల ఏళ్లకు ఒకసారి పొల్లు పోకుండా మొదటికి వస్తుంది కనుక, 823 అనే అంకెకు అర్థమే లేదు.

మరునాడు బల్ల మీద ఆ లెక్కనే రాసి, పైన ‘సవరణ’ అని పెట్టాను. తప్పును తుడిచేసి ఊరుకుంటే, ఫోటో తీసుకొని వెళ్లినవారి ఫోన్లలో అది అలాగే తిరుగుతూ ఉంటుంది. అందువల్ల తప్పు ఎంత పెద్ద అక్షరాలలో రాశానో సవరణనూ అంతే పెద్ద అక్షరాలలో రాయడం అప్పటి నుంచి నియమం చేసుకున్నాను.

ఇంట్లో పెద్దవాళ్లు పంపే అబద్ధపు ఫార్వర్డులకు ఏమని జవాబివ్వాలి?

ఈ ప్రశ్న అడిగేవారందరూ కోడళ్లు, అల్లుళ్లు, మేనల్లుళ్లు. మన జాతీయ గీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ గీతంగా ప్రకటించిందని మామగారు పంపితే, పదిమంది చూసే కుటుంబ గ్రూపులో ‘ఇది అబద్ధం’ అని కొట్టడం మర్యాద కాదు, ఫలితమూ ఉండదు. యునెస్కో అటువంటి ప్రకటన ఏదీ చేయలేదని ఆ సంస్థే చెప్పింది. ఆ మాటను మామగారికి విడిగా ఫోను చేసి, ‘మామయ్యగారూ, ఇది నేనూ నమ్మాను, కానీ వెతికితే ఇలా ఉంది’ అని మొదలుపెట్టి చెబితే, ఎక్కువసార్లు ఆయనే గ్రూపులో సవరణ పెడతారు. పెద్దరికం నిలబడుతుంది, అబద్ధం ఆగుతుంది.

రెండు బాణాల గుర్తుతో ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది’ అని ఉంటే ఒక్క నిమిషం ఆగండి. వాట్సాప్ 2018 జూలైలో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌ల కంటే ఎక్కువకు పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి బాగా తిరిగిన సందేశాలను ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. ఆ గుర్తు సందేశం అబద్ధమని చెప్పదు, మీకు పంపినవారు దానిని రాయలేదని మాత్రమే చెబుతుంది.

శుక్రగ్రహం, చైనా గోడ, మెదడు, తేనె: వీటి మాటేమిటి?

నెలకొకసారైనా వీటిని ఎవరో ఒకరు తెస్తారు. శుక్రగ్రహం తన చుట్టూ తాను తిరగడానికి మన లెక్కన 243 రోజులు, సూర్యుని చుట్టూ తిరగడానికి 225 రోజులు పడతాయి కనుక ‘అక్కడ రోజు కంటే సంవత్సరం చిన్నది’ అనడం ఆ అర్థంలో నిజం. అయితే రోజు అంటే ఒక సూర్యోదయం నుంచి మరొక సూర్యోదయం దాకా అని మీరు అనుకుంటే, అక్కడ అది సుమారు 117 రోజులే. చైనా గోడ చంద్రుని మీది నుంచి కనబడదు. 2003లో రోదసికి వెళ్లిన ఆ దేశపు వ్యోమగామి యాంగ్ లివెయ్, భూమికి చేరువ కక్ష్య నుంచి కూడా తనకు గోడ కనబడలేదని చెప్పాడు. మెదడులో పది శాతమే వాడుతామనేది ఉత్త మాట.

తేనె చెడిపోదనేది నిజమే గానీ, మూత బిగించి తడి తగలకుండా ఉంచితేనే. నీరు చేరితే పులుస్తుంది. అది చెడనంత మాత్రాన అందరికీ మంచిదనుకోకూడదు. ఏడాది నిండని పసిబిడ్డలకు తేనె నాకించకూడదు, అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు వారి పేగుల్లో విషం పుట్టించే ప్రమాదముంది. బారసాలనాడు తేనె నాకించే ఆచారం ఉన్న ఇళ్లు మన వైపు ఉన్నాయి గనుక ఈ వాక్యం కింద నేను రెండు గీతలు గీశాను. దీనిని మినహాయిస్తే వైద్యం సంగతులు, ఇంటి చిట్కాలు ఈ బల్ల మీద రాయను.

మన ప్రాంతపు విడ్డూరాలలో తప్పులు దొర్లవా?

అందరికంటే మనమే ఎక్కువ దొర్లిస్తాము. మహేంద్రగిరి ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ అని ఇక్కడ గట్టిగా చెబుతారు. దాని ఎత్తు 1501 మీటర్లు. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి 1672 మీటర్లు. ఇక పేర్ల గందరగోళం వేరు. మన ఊరు పర్లాకిమిడి, పర్లాకిమెడి, పరలాఖెముండి అని మూడు తీరులుగా రాసి ఉంటుంది కనుక, ఒక్క పేరుతో వెతికి ‘ఏమీ లేదు’ అనుకోవద్దు. బరంపురం మరీ చిక్కు: బెంగాల్‌లోని ముర్షిదాబాదు జిల్లాలో ఇంచుమించు అదే పేరుతో ఇంకొక పట్టణం ఉండటం వల్ల దాని చరిత్ర తరచుగా మన బరంపురం మెడకు చుట్టుకుంటుంది. రాష్ట్రపతి వి.వి. గిరి 1894 ఆగస్టు 10న పుట్టినది మాత్రం మన బరంపురంలోనే, సందేహం అక్కరలేదు.

ఋషికుల్య తాబేళ్ల గురించి రాసినప్పుడు అవి గుడ్లు పెట్టిన చోటు ఎందుకు చెప్పలేదు?

గంజాం తీరాన ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయన్నది అందరికీ తెలిసిన సంగతే. గుడ్డులోంచి ఆడది వస్తుందా, మగది వస్తుందా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. ఒడిశాలో 2021లో గుర్తు బిళ్ల తగిలించిన ఒక తాబేలు, 2025 జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ కనబడటం, తూర్పు తీరపు తాబేళ్లు వేరు, పడమటి తీరపువి వేరు అనుకుంటూ వచ్చినవారిని ఆశ్చర్యపరిచింది. ఇవన్నీ రాయవచ్చు. ఫలానా దిబ్బ పక్కన నిన్న రాత్రి గూడు చూశానని ఫోటోతో ఒకరు పంపినది మాత్రం రాయలేదు. గూడు చోటు పదిమందికి తెలిస్తే, చూడవచ్చినవారి టార్చిలైట్లు, వీధికుక్కలు కూడా వస్తాయి.

మీ బల్ల మీది మాటలను, చిత్రాలను వాడుకోవచ్చా?

సంగతి ఎవరి సొత్తూ కాదు. దానిని చెప్పిన వాక్యం, తీసిన ఫోటో మాత్రం చెప్పినవారివి, తీసినవారివి. మన దేశంలో రచయిత కన్నుమూసిన తరువాత అరవై ఏళ్ల వరకు రచన మీద హక్కు ఉంటుంది. వికీపీడియా మాటలను పేరు చెప్పి, అదే షరతుతో వాడుకోవచ్చు. నా వాక్యాలను నిరభ్యంతరంగా ఎత్తుకోండి, అయితే సగం కోయకుండా ఎత్తుకోండి.

మాకు దొరికిన విడ్డూరాన్ని ఎలా పంపాలి?

కౌంటరు మీద పాత బిస్కెట్ల డబ్బా ఉంది. కాగితం మీద సంగతి రాసి, ఎక్కడ చదివారో, అది ఏ ఏటిదో, ఎవరు చెప్పినదో కింద రాసి అందులో వేయండి. ఆ మూడింటిలో ఒకటి తెలియకపోయినా వేయండి, కలిసి వెతుకుదాం. మూడూ తెలియకపోతే మాత్రం ముందు మీరొకసారి వెతకండి. ఒడియాలో రాసినా సరే, మా మిత్రుడు చదివి చెబుతాడు. క్యాలెండరు తెచ్చిన అమ్మాయి ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం బడి విడిచాక వచ్చి డబ్బాలోని చీటీలు విప్పి, అంకెలున్నవాటిని విడిగా పెట్టి, ముందు వాటి లెక్క చూస్తుంది. వర్షం పడే రోజులలో బల్లను లోపలికి తెస్తాము కనుక, ఆ రోజు సంగతి చదవాలంటే జిరాక్సు యంత్రం పక్కకు రావలసి ఉంటుంది.